పిల్లలకు పెద్దల ఋణము

క్రీ.శ. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. హైదరాబాదు పాతబస్తీలో బడులు అంతకు ముందే మూతపడినవి. ఇరుకు గల్లీలలో, ఒకటి రెండు గదుల ఇండ్లలో పెరుగు పిల్లలకు బడి ఆవరణయే మైదానము, బడి గంటయే దినచర్య. గంట ఆగిపోగా వేళకు నిద్ర, వేళకు భోజనము, పరుగు, ఆట అన్నియు సడలినవి. సెప్టెంబరు 1 నుండి సర్కారు బడుల పాఠములు దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను వచ్చినవి. తెరకు అలవడిన కన్ను పాఠముతో ఆగునా? చేతులు కడుగుకొను అలవాటు మాత్రము పెరిగినది. అదియు భయము వలన వచ్చినది గనుక భయముతోనే సన్నగిల్లినది.

ఇచట ధర్మసందేహమొకటి కలదు. ఆ వ్యాధి పిల్లలను తీవ్రముగా బాధించుట అరుదు; ముప్పు వృద్ధులకే ఎక్కువ. అనగా పిల్లల నిర్బంధము చాలవరకు పెద్దల ప్రాణరక్షణకై జరిగినది. అది తప్పనరాదు. కాని ఒకరి నష్టముచే మరియొకరు బ్రతికినపుడు ఋణము ఏర్పడును గదా! అట్టి బాలుని నేడు సోమరియని, ఫోను పిచ్చివాడని నిందించుట ఏమి న్యాయము? అంతరంగ శుద్ధి, బహిరంగ శుద్ధి రెండును ఒక్కటిగా నుండవలెనని బసవేశ్వరుడు బోధించెను. తాను ఫోను చేతబట్టి కుమారుని మందలించు తండ్రికి ఆ బోధ మొదట వర్తించును. ప్రాతఃకాలమున వాని చేయి పట్టుకొని కులీ కుతుబ్‌షా స్టేడియము వరకు నడచుటకు రుసుమేమియు లేదు.