పోయినచోట వెతుక్కోవద్దు

మలక్‌పేట రేస్‌కోర్సులో ఆఖరి రేసు అయిపోయాక గేటు దగ్గర కాసేపు నిలబడి చూడండి. బయటికొచ్చేవాళ్ళ చేతుల్లో నలిగిపోయిన రేసు పుస్తకం, నోట్లో ఇంచుమించు ఒకటే మాట. "షార్ట్ హెడ్‌లో పోయిందిరా. నా ఖర్మ!"

ఈ మాట మీరూ ఎప్పుడో అని ఉండవచ్చు. లేదా మీ ఇంట్లో అన్నయ్యో, భర్తో, కొడుకో అంటుంటే విని ఉండవచ్చు. జూదం చెడ్డదని మీకు చెప్పడానికి ఈ నాలుగు పేజీలు అక్కర్లేదు. అది ఆడేవాళ్ళకి అందరికంటే బాగా తెలుసు. మనం ఆ ఒక్క మాటనే పరీక్షిద్దాం. నిజంగా అది ఖర్మేనా? ఇంత ఓడిపోతున్న మనిషిని ఓడిస్తున్నది దురదృష్టమేనా?

ముందు ఆ షార్ట్ హెడ్ సంగతి చూద్దాం. మన దగ్గర చాలా రేసులు హ్యాండిక్యాప్ రేసులు. అంటే బాగా పరుగెత్తే గుర్రానికి ఎక్కువ బరువు, అంతగా పరుగెత్తని దానికి తక్కువ బరువు కేటాయిస్తారు. జాకీ బరువు చాలకపోతే జీను దగ్గర సీసం పలకలు పెట్టి సరిచేస్తారు. అన్ని గుర్రాలకూ గెలుపు అవకాశం దాదాపు సమానంగా ఉండాలని, గీత దగ్గరికి అన్నీ కలిసికట్టుగా రావాలని ఆ ఏర్పాటు. కాబట్టి మీ గుర్రం మెడ దూరంలోనో, ముక్కు దూరంలోనో ఓడిపోతే విధి మీ మీద పగబట్టిందని కాదు. బరువులు వేసినవాడు తన పని బాగా చేశాడని. "కొద్దిలో పోయింది" అన్న బాధ ఆ మైదానంలో రోజూ ఎంతోమందికి కలుగుతుంది. ఆ కొద్దిలోనే వచ్చే రేసు మీద ఆశ పుడుతుంది.

రెండోది డబ్బు లెక్క. టోట్‌లో వంద మంది తలా వంద రూపాయలు పెట్టారనుకోండి. పదివేలు పోగయ్యాయి. అందులోంచి నిర్వాహకుల వాటా, పన్నులు ముందే కోసుకుని, మిగిలిందే గెలిచినవాళ్ళకి పంచుతారు. లెక్క కోసం నూటికి ఇరవై కోత అనుకుందాం. మిగిలేది ఎనిమిది వేలు. ఆ డబ్బంతా మళ్ళీ రెండో రేసులో పెడితే 6,400. మూడో రేసుకి 5,120. ఆరు రేసులు అయ్యేసరికి ఆ వంద మంది దగ్గరా కలిపి మిగిలేది సుమారు 2,621 రూపాయలు. ఏ గుర్రం గెలిచినా ఈ లెక్క మారదు. కోత శాతం తగ్గితే కరగడం నిదానమవుతుంది, అంతే. బుకీ దగ్గర ఆడినా అతని లాభం అతను చెప్పే రేట్లలోనే కలిసి ఉంటుంది.

"మేము గుడ్డిగా ఆడం. గుర్రం వంశం, ట్రాక్, జాకీ అన్నీ చూస్తాం" అంటారు కొందరు. సుప్రీంకోర్టు కూడా 1996లో గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అనే తీర్పు చెప్పింది. నైపుణ్యం లేదని మనమూ అనడం లేదు. కానీ మీకు తెలిసిన సంగతులు పక్కవాడికీ తెలుసు, బుకీకి ఇంకా బాగా తెలుసు. అందరికీ తెలిసిన గుర్రం మీద రేటు ముందే పడిపోతుంది. ఇక చట్టం ఒప్పుకున్నంత మాత్రాన ఒక పని మన మనసుకి మేలు చేస్తుందని కాదు. ఆ రెండూ వేరు ప్రశ్నలు.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. రాజగృహంలో మోలియసీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి ఒక ప్రశ్న అడిగాడు. మనిషి అనుభవించే సుఖమూ దుఃఖమూ అంతా వెనకటి కర్మ ఫలమేనని కొందరు చెబుతున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పిత్తం, వాతం, ఋతువుల మార్పు, జాగ్రత్త లేకపోవడం, దెబ్బ తగలడం, ఇలా బాధకి ఎన్నో కారణాలు ఉంటాయనీ, కర్మఫలం వాటిలో ఒకటనీ వివరించాడు. మరోచోట, తాను కర్మ అంటున్నది చేతననే, అంటే మనసు పూని చేసే సంకల్పాన్నే అని స్పష్టం చేశాడు.

అంటే మనం వాడే "ఖర్మ" వేరు, బుద్ధుడు చెప్పిన కర్మ వేరు. గుర్రం ఓడిపోవడం మీ కర్మ కాదు. దాని కాళ్ళు, దాని బరువు, ఆనాటి నేల, పక్క గుర్రం ఊపు, ఇవీ దాని కారణాలు. మీ కర్మ అంతకుముందే జరిగిపోయింది. పాప ఫీజు కోసం దాచిన డబ్బు ఉన్న జేబులోకి చెయ్యి వెళ్ళిందే, ఆ క్షణంలో. ఇంట్లో అడిగితే "జీతం ఇంకా పడలేదు" అని ఒక మాట అన్నారే, ఆ క్షణంలో. ఇది వినడానికి కటువుగా ఉండవచ్చు. కానీ ఆశ కూడా ఇందులోనే ఉంది. ఖర్మ అయితే మీరు చేయగలిగింది ఏమీ లేదు. సంకల్పం అయితే అది మార్చుకోగలిగినది.

మరి ఆ చెయ్యి జేబులోకి ఎందుకు వెళ్తుంది? ఓడినప్పుడు గుండెల్లో ఒక మంట లేస్తుంది. దాన్నే ధమ్మంలో వేదన అంటాం. ఆ మంట వెంటనే ఆరాలన్న ఆరాటం తృష్ణ. "పోయినచోటే వెతుక్కోవాలి" అని మనకో సామెత ఉంది కదా, ఆ ఆరాటం దాన్ని పట్టుకుని నడుస్తుంది. ఉంగరం జారిపోతే ఆ సామెత పనికొస్తుంది, ఎందుకంటే ఉంగరం అక్కడే పడి ఉంటుంది. పందెంలో పోయిన డబ్బు అక్కడ లేదు. అది అప్పుడే వేరేవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయింది. మీరు తిరిగి తెచ్చుకోవాలని పెట్టేది కొత్త డబ్బు. చాలా ఇళ్ళు కూలింది మొదటి ఓటమితో కాదు, దాన్ని పూడ్చుకోబోయి.

గెలిచినవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. గెలుపు ఇంకా గట్టిగా కట్టేస్తుంది. మొదటిసారి వచ్చిన ఆ నోట్ల కట్ట జ్ఞాపకంతో ఇరవై ఏళ్ళు ఓడేవాళ్ళు ఉంటారు. పైగా ఆ కట్టలో ఒకడి ఇంటద్దె ఉంది, ఇంకొకడి మందుల ఖర్చు ఉంది. సిగాలుడనే గృహస్థ యువకుడికి బుద్ధుడు జూదం వల్ల వచ్చే ఆరు కష్టాలు చెప్పాడు. వాటిలో మొదటిది గెలిచినవాడి గురించే. గెలిచినవాడు ఇతరుల ద్వేషాన్ని సంపాదించుకుంటాడు. ఓడినవాడు పోయినదానికోసం కుములుతాడు. ఉన్న సొమ్ము పోతుంది. నలుగురిలో అతని మాటకి విలువ ఉండదు. స్నేహితులు చులకన చేస్తారు. ఆలుబిడ్డల్ని పోషించలేడని అతనికి పిల్లనివ్వరు. ఆరింటిలో డబ్బు పోవడం ఒక్కటే. మిగిలినవాటిలో చాలావరకు మనిషికీ మనిషికీ మధ్య తెగిపోయేవి. అప్పు ఎప్పటికైనా తీర్చవచ్చు. నాన్న మాట నమ్మడం మానేసిన పిల్లవాడి నమ్మకం తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది.

కోలియుల ఊళ్ళో దీఘజాను అనే సంసారికి బుద్ధుడు సంపదని చెరువుతో పోల్చి చెప్పాడు. నీళ్ళు వచ్చే దారులు నాలుగు, పోయే తూములు నాలుగు. వ్యభిచారం, తాగుడు, జూదం, చెడు సావాసం ఆ తూములు. వానకోసం ఆకాశం వంక చూసేముందు తూము మూయాలని రైతుకి వేరే చెప్పాలా?

మూయడానికి ఈ నాలుగు పనులతో మొదలుపెట్టండి.

ఒకటి, ఈ సీజన్‌లో పెట్టినదీ వచ్చినదీ ఒక కాగితం మీద రాయండి. గెలిచిన రోజులే గుర్తుంటాయి కాబట్టి గుర్తు మీద ఆధారపడకండి.

రెండు, అప్పు ఎంతుందో ఒక్క మనిషికైనా పూర్తిగా చెప్పండి. సగం చెప్పి సగం దాచవద్దు. దాచిన సగమే మళ్ళీ రేసుకి లాక్కెళ్తుంది.

మూడు, రేసు పుస్తకం కొనడం ఆపండి. ఫోన్‌లో బుకీ నంబరు తీసేయండి. కలిసి వెళ్ళే మిత్రుడికి "నేను రాను" అని ఒకసారి గట్టిగా చెప్పండి.

నాలుగు, రేసు ఉన్న రోజు ఆరాటం లేచినప్పుడు పది నిమిషాలు కూర్చుని శ్వాసని గమనించండి. అరచేతుల్లో చెమట, గుండె వేగం, "ఈ ఒక్కసారి" అన్న ఆలోచన, అన్నిటినీ వచ్చినట్టే చూడండి. వాటిని తిట్టవద్దు, వాటి మాట వినవద్దు. పుట్టిన ప్రతి వేదనా గిట్టుతుందని పుస్తకంలో చదివాం. దాన్ని మీ ఒంట్లోనే చూసే అవకాశం ఇది.

ఆడే మనిషి మీ ఇంట్లోవారైతే, వారి అప్పుని గుట్టుగా కొత్త అప్పు చేసి తీర్చకండి. నలుగురిలో అవమానించకండి కూడా. అవమానం కూడా మంటే. దాన్ని ఆర్పుకోవడానికి వాళ్ళు మళ్ళీ అక్కడికే వెళ్తారు. జీతం డబ్బు ఇంట్లో ఇంకొకరి చేతికి వచ్చేలా ఒప్పించండి. ఎంత అప్పున్నా చెప్పమని, విని లేచి వెళ్ళిపోమని మాటివ్వండి.

మలక్‌పేటలో గుర్రాలు ఎన్నో ఏళ్ళుగా పరుగెడుతున్నాయి. రేపూ పరుగెడతాయి. ఏది గెలుస్తుందో మన చేతిలో లేదు. రేపు పొద్దున జీతం కవరు ఎవరి చేతిలో పెడతామన్నది మాత్రం మన చేతిలోనే ఉంది. ఈ రాత్రి నిద్రపోయే ముందు ఆ సంగతి తేల్చుకోండి.