భయానికి ఇన్ని విశేషణాలా?

యండమూరి ‘తులసిదళం’ మళ్ళీ చదివాను. చిన్నపాప మీద కాష్మోరా ప్రయోగం, ఆమెను కాపాడుకోవడానికి పెద్దవాళ్ళ పరుగులు. కథ ఇప్పటికీ లాక్కెళ్తుంది. మూఢనమ్మకాల్ని పెంచుతోందని రంగనాయకమ్మ ఈ నవలని ఘాటుగా విమర్శించారు. నా పేచీ మాత్రం వాక్యంతో. భయపెట్టాల్సిన చోటల్లా వర్ణన గొంతు పెంచుతుంది. వారం వారం వచ్చే సీరియల్‌కి ఆ హడావుడి అవసరమేమో.

మా కుప్పం వైపు కౌండిన్య అడవిలోంచి ఏనుగులు దిగితే ఎవరూ వర్ణించరు. “ఏనుగులొచ్చినాయి, చేనికాడికి పోవద్దురా” అంటాడు మామ. అంతే, ఒళ్ళు జలదరిస్తుంది. ఆ మాట నా ప్రాణం కోసం అన్నది.

అతిగా రాయడం శైలీలోపమేనా? అంతకన్నా ఎక్కువే అనుకుంటా. అరిచే వాక్యం మన చూపుని పాప మీంచి రచయిత మీదికి తిప్పుతుంది. దెయ్యాన్ని నమ్మించినా సర్దుకుపోతాను. బాధపడే పిల్లని మరిపిస్తే మాత్రం ఒప్పుకోలేను.