కవచమును పట్టియుంచు నాడా



ఈస్టరు దినములలో సంఘపు పిల్లలు పునరుత్థాన నాటకము ఆడునప్పుడు, సమాధి యొద్ద కావలియుండు రోమా సైనికులు కావలెను గదా. ఇప్పుడు అంగళ్లలో ప్లాస్టిక్ కవచములు దొరుకుచున్నవి. అవి చూపునకు ఇనుమువలె మెరయును గాని, వాటికున్న సన్నని దారము తరచుగా తెగిపోవును. అప్పుడు ఏ తల్లియో, సండేస్కూలు ఉపాధ్యాయురాలో వాటికి ఎలాస్టిక్ నాడా కట్టవలసివచ్చును. ఈ చిన్న పని మన యెదుట ఒక పెద్ద ప్రశ్న నుంచుచున్నది: నీతిని విడువకుండ మనము ఇతరులను ఎంతవరకు సహింపవచ్చును?

పని తెలిసినవారు చేయు విధము చూడుము. వారు నాడాను జిగురుతో అంటించి ఊరకుండరు. లాగినకొలది జిగురు ఊడును. అంచునకు మరీ దగ్గరగా రంధ్రము చేయరు; చేసినయెడల ప్లాస్టిక్ చిరుగును. వ్రేలి వెడల్పంత లోపలికి రంధ్రము చేసి, నాడా కొనను దూర్చి, లోపలివైపున ఒక గుండీకి ముడివేయుదురు. గుండీ అడ్డుగా నుండుటచేత ముడి జారిరాదు. నాడాలను వీపుమీద కత్తెరవలె దాటించి, పిల్లవానిని నిండుగా ఊపిరి తీసికొమ్మని చెప్పి కొలత చూతురు.

నాడాకు బదులు ఇనుప తీగె కట్టినయెడల కవచము కదలదు గాని పిల్లవాని భుజము ఒరసికొనిపోవును. వదులుగా దారము కట్టినయెడల నాలుగు అడుగులు వేయకముందే కవచము జారిపోవును.

నిజమైన రోమా కవచములోను ఇట్టి ఏర్పాటే కనబడుచున్నది. 1964లో ఇంగ్లాండు ఉత్తర భాగమందలి కోర్‌బ్రిడ్జ్‌లో త్రవ్వగా, ఒక పెట్టెలో ఆ కాలపు కవచములు బయలుపడెను. ఇనుప పలకలను లోపలివైపున తోలు పట్టీలకు రివెట్లతో బిగించిరని వాటివలన తేటపడెను. పలక వంగదు, తోలు వంగును. అందుచేతనే సైనికుడు వంగి లేవగలిగెను.

పౌలు ఎఫెసీయులకు వ్రాయుచు నీతిని మైమరువుతో పోల్చెను. కొలొస్సయులకు వ్రాయుచు, విశ్వాసి ధరింపవలసిన సద్గుణములన్నిటిపైని ప్రేమను బంధముగా నుంచెను. నీతి పలకవంటిది; ప్రేమ నాడావంటిది.

ఒక పల్లె సంఘమును తలంచుకొనుము. ఒక యౌవనుడు త్రాగి అల్లరి చేసినందున పెద్దలు అతనిని ప్రభురాత్రి భోజనమునుండి కొంతకాలము ఆపిరనుకొనుము. అది న్యాయమే. తరువాత అతని తల్లి మంచము పట్టినది. ఆ యింటికి ఎవరును పోరాదని కట్టడి చేసినయెడల, అది నీతికి తీగె కట్టుటయే. ఆ తల్లి కన్నీరు చూచి, త్రాగుట తప్పు కాదనినయెడల, అది దారము కట్టుటయే. ఆ గడప దాటి లోపలికి వెళ్లి, రోగికి గంజి పోసి, కుమారుని ప్రక్కను కూర్చుండి, "తమ్ముడా, ఆ త్రాగుడు మానుము, సంఘములో నీ చోటు నీకై యున్నది" అనువాడే ప్రేమ నెరిగినవాడు.

"ఇట్లు సాగుచుపోయిన న్యాయము మిగులునా?" అని నీవు అడుగవచ్చును. నాడాను మరల చూడుము. సాగునది నడుమ భాగమే. కొనలు ముడిపడియే యున్నవి. వ్యభిచారమందు పట్టబడిన స్త్రీకి మన ప్రభువు శిక్ష విధింపలేదు. ఆమె పాపమును మంచిదనియు చెప్పలేదు.

అయితే ఎంత మంచి నాడాయైనను వాడుకచేత సాగి, తిరిగి ముడుచుకొనక పోవును. మన ఓర్పును అట్టిదే. అది మన సొంత బలముచేత నిలువదు. దినదినము ప్రభువు సన్నిధిలో క్రొత్తగా పొందవలెను.

చదువరీ, నీవు ఎవరి గడప తొక్కుట మానితివి? నీ నీతిని పట్టియుంచునది తీగెయా, దారమా, ప్రేమయా? ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.