ధనమిచ్చువారు, ప్రాణమిచ్చువారు

చీపురుపల్లి రైలుస్టేషనులో నొకనాటి సాయంకాలము మేము విజయనగరము పోవు బండికై వేచియుంటిమి. సెలవు ముగించుకొని పోవుచున్న యొక యువసైనికుని సాగనంపుటకై యాతని యింటివారందఱును వచ్చియుండిరి. అతడు ఐక్యరాజ్య సమితి పక్షమున ఆఫ్రికాకు పోవు దళములో చేరవలసియున్నదట. వాని తాత మావైపు తిరిగి, "ఏటి బాబూ, ఆ దేశపోల్లు కొట్టుకుంతే మావోడెందుకెల్లాల? ఈడి కూలెవులిత్తారు?" అని యడిగెను. మాకు వెంటనే యుత్తరము తోచలేదు.

ముసలివాని ప్రశ్నలు రెండును ధర్మసంబంధమైనవే. సమితికి స్వంత సైన్యము లేదు. 1948లో పాలస్తీనాకు పరిశీలకులను పంపినది మొదలు నేటివఱకు, కలహము పుట్టినప్పుడెల్ల దేశదేశముల నర్థించి మనుష్యులను సమకూర్చుకొనుచున్నది. వ్యయమును సభ్యదేశములు శక్త్యనుసారముగా పంచుకొనవలెను. ప్రస్తుతపు పద్ధతినిబట్టి అమెరికా వంతు నూటికి 26, చైనా వంతు దాదాపు 24. సైనికుని నొక్కని బంపిన ప్రభుత్వమునకు 2022లో నెలకు 1,448 డాలర్ల చొప్పున నిర్ణయింపబడినది. మనుష్యులనో, నేపాలు, రువాండా, బంగ్లాదేశము, మన దేశము మొదలైనవి పంపుచున్నవి. మనదేశము పంపినవారు 2,90,000కు పైబడిరి. తిరిగి రానివారు ఇంచుమించు 180 మంది.

ఇందు తప్పేమని కొందఱందురు. పల్లెలో చెఱువుగట్టు తెగినప్పుడు ఇంటికొక మనిషి రావలెను. రాలేనివాడు కూలి యిచ్చి మఱియొకని బంపును. ధనికుడు ధనమును, బీదవాడు దేహమును ఇచ్చుట లోకరీతియే కదా యని వారి వాదము. ఈ యుపమానమును మేమును అంగీకరింతుము. కాని దానిని తుదిదాక నడిపి చూతము. గట్టుమీద కూలి యిచ్చువాడు సాయంకాలమునకే యిచ్చును. గట్టు నెట్లు పూడ్చవలయునో పనిచేయువానితో కూడ నాలోచించును. గట్టు నిలువక పోయినచో వాని పొలమును మునుగును. సమితి విషయమున నీ మూడును లేవు. దళము లేమి చేయవలెనో భద్రతా సమితి నిర్ణయించును. అందు తిరస్కారాధికారము గల యైదు దేశములలో కొన్నిటికి సైనికులను పంపు నలవాటు చాల తక్కువ. చందాలు ఆలస్యమైనచో సైనికులను పంపిన ప్రభుత్వములకు రావలసిన సొమ్ము నిలిచిపోవును. అనగా ధనికుని బాకీని బీదవాడు మోయుచున్నాడు!

ధనలోపము వలన తొమ్మిది దళములలోని సైనికులను, పోలీసులను నాలుగవవంతు తగ్గింతుమని సమితి 2025 అక్టోబరులో ప్రకటించెను. లోకమున ధనమే లేదా? 2024లో ప్రపంచదేశములు సైన్యములకై వెచ్చించినది 2.7 లక్షల కోట్ల డాలర్లు. శాంతిరక్షణకు సాలుకు వలసినది సుమారు 560 కోట్లు. వేయింట రెండుపాళ్లు! మనుష్యులను తగ్గించుట యనగా నేమో రువాండా తెలిపినది. 1994 ఏప్రిలులో పదిమంది బెల్జియము సైనికులు హతులైన పిమ్మట ఆ దేశము తనవారిని పిలుచుకొనెను. దాదాపు 2,500 మంది గల దళమును 270కి తగ్గింపుమని భద్రతా సమితి తీర్మానించెను. సుమారు నూఱుదినములలో ఎనిమిదిలక్షల మంది వధింపబడిరి. అచట కొఱతపడినది ధనము గాదు, మనసు.

అట్లని పంపువారి నందఱిని పొగడుటయు న్యాయము గాదు. డాలర్లకై సైనికులను పంపు ప్రభుత్వము లుండవచ్చును. కాపాడబోయి ఆడువారి నవమానించిన రక్షకులును గలరు. వారిని శిక్షింపవలసిన భారము వారి దేశముదే. కాని కూలి పుచ్చుకొన్నంతమాత్రమున ధర్మము కూలిపని కాజాలదు. వైద్యుడు రుసుము గైకొన్నచో వైద్యము నీచమగునా? 1961 డిసెంబరు 5వ తేదీని కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో, శత్రువులు త్రోవ కట్టివేయగా, కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియా తనకంటె మిక్కిలి యెక్కువమందిపై బడి ప్రాణము విడిచెను. ఆయనకు పరమవీరచక్రము లభించెను. ఆ మరణమును జీతముతో దూచు త్రాసు ఏ యంగడిలో దొరకును?

కావున మా యభిప్రాయ మిది. ధనమును శక్తినిబట్టి పంచుట న్యాయమే. కాని ప్రాణమునకు బదులుగా ధనమిచ్చి ఋణము తీఱినదనుకొనుట న్యాయము గాదు. ధనమిచ్చువాడు సకాలమున నీయవలెను. ప్రాణము పణముగా బెట్టువానికి ఆలోచనలో స్థాన ముండవలెను. దళమును తగ్గింపుమని చేయెత్తువాడు, విడువబడిన జనుల మొగముల నొక్కసారి తలచుకొనవలెను.

బండి వచ్చెను. తాత మనుమని తలపై చేయుంచి యేమియు పలుకక నిలిచెను. ఆనాడు చెప్పలేకపోయిన మాటను నేడు వ్రాయుచున్నాము: "తాతా, నీ మనుమని కూలి లోకమంతయు గలిసి యీయవలసినది, అందు కొంత యింకను బాకీయున్నది. వాడేల పోవలెనందువా? మన యింట దొంగలు పడ్డనాడు పొరుగువాడు తలుపు వేసికొనకుండవలెనని మనమును కోరుకొందుము గనుక."