సత్యాగ్రహము – ఆగ్రహము

సత్యాగ్రహమను మాట తెలుగువాని చెవికి ఒక చిక్కు తెచ్చిపెట్టును. మన వాడుకలో ఆగ్రహమనిన కోపమే. స్వామివారి ఆగ్రహమునకు గురియగుదుమేమో అని మన ఇండ్లలో పెద్దలు మ్రొక్కుబడులను తప్పక చెల్లింతురు. అట్టి మాటకు ముందు సత్యమును చేర్చినచో సత్యము కొఱకు కోపించుట అని అర్థము తోచుట సహజము. ఉత్తరదేశమున వాడుక వేరు. కాశీకి పోయిన మన యాత్రికునితో అచటి గృహస్థు "ఆగ్రహముతో" భోజనమునకు పిలుచుచున్నానని చెప్పినచో మనవాడు ఒక్క క్షణము ఉలికిపడును. ఆ గృహస్థు ఉద్దేశము పట్టుపట్టి, బతిమాలి పిలుచుచున్నానని మాత్రమే.

ఈ భేదమునకు మూలము గ్రహ్ అను ధాతువు. దానికి పట్టుకొనుట అని అర్థము. మన ఆలయములలో ఈ ధాతువు వినబడని దినము లేదు. గర్భాలయమున నున్నది విగ్రహము. మనము కోరునది అనుగ్రహము. దానిని పొందుటకు అలవరచుకొనవలసినది ఇంద్రియనిగ్రహము. స్వామి కల్యాణమున కన్నులార చూచునది పాణిగ్రహణము. ఈ కుటుంబమునకు చెందినదే ఆగ్రహము. విడువక గట్టిగా పట్టుకొనుట దాని మొదటి యర్థము. తెలుగున అనుగ్రహమునకు ఎదురుమాటగా నిలిచి అది కోపమై స్థిరపడినది. మొదటి యర్థమునకు మనకు చక్కని అచ్చతెనుగు మాట కలదు: పట్టు. కనుక సత్యాగ్రహమనిన సత్యమునందు పట్టు.

ఆ మాట పుట్టిన విధమును స్మరించుట ఇచట అవసరము. 1906 సెప్టెంబరు 11వ తేదీన దక్షిణాఫ్రికాలోని జోహాన్నెస్‌బర్గున భారతీయులు సభ చేసి, తమను అవమానించు రిజిస్ట్రేషను చట్టమునకు లోబడమని దైవసాక్షిగా ప్రతిజ్ఞ చేసిరి. ఆ పోరాటమును మొదట పాసివ్ రెసిస్టెన్స్ అనిరి. ఆ పేరు గాంధీగారికి నచ్చలేదు. అది బలహీనుల ఆయుధమనియు, దానియందు ద్వేషమునకు చోటున్నదనియు జనులు తలచుచుండిరి. తగిన పేరు సూచించువారికి బహుమతి నిత్తుమని ఇండియన్ ఒపీనియన్ పత్రికలో ప్రకటించిరి. మగన్‌లాల్ గాంధీ సదాగ్రహమని సూచించెను; అనగా సత్కార్యమునందు పట్టు. గాంధీగారు దానిని కొంచెము మార్చి సత్యాగ్రహమని పేరు పెట్టిరి. గుజరాతీ వైష్ణవ కుటుంబమున జన్మించిన ఆయన చెవికి ఆ మాటలో కోపము లేశమైనను వినబడలేదు.

గోదావరీ తీరమునకు వచ్చునప్పటికి అది తెలుగు చెవులలో పడినది. రాజమహేంద్రవరమునకు ఎగువన సీతానగరమున డాక్టరు బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యముగారు నెలకొల్పిన ఆశ్రమమునకు గౌతమీ సత్యాగ్రహాశ్రమమని పేరిడిరి. నదీమాత పేరును, ఈ కొత్త మాటయు ఒక్కచోట చేరినవి. 1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. పల్లెలలో ఎందరో ఆ మాటను మొదటిసారి వినిరి. వారికి అది పట్టుగా వినబడెనా, కోపముగా వినబడెనా?

మరుసటి సంవత్సరము మార్చిలో వాడపల్లిలో జరిగినది ఆ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పును. ఏడు శనివారముల మ్రొక్కుతో నేడు వేలకొలది భక్తులు దర్శించు శ్రీవేంకటేశ్వరస్వామి సన్నిధియే ఆ వాడపల్లి. 1931లో స్వామివారి రథోత్సవమున జనులు రథముపై గాంధీగారి చిత్రపటమును ఉంచిరి. పోలీసు అధికారులు తీసివేయవలెననిరి, భక్తులు తీయమనిరి. లాఠీలు లేచినవి, తుపాకులు పేలినవి, నలుగురు ప్రాణములు కోల్పోయిరి. స్వామి రథముపై మానవుని పటము ఉంచుట ఆగమసమ్మతమా అని అడుగువారు ఉండవచ్చును. ఆ చర్చ ఇచట ప్రస్తుతము కాదు. ఆ జనులు ఎవరినో కొట్టుటకు వచ్చినవారు కారు, రథము లాగుటకు వచ్చినవారు. తాము మంచిదని నమ్మినదానిని చేతినుండి జారనీయమనిరి, అంతే. ఆ పట్టునకు నిఘంటువు అవసరము లేకపోయినది.

గాంధీగారు సత్యాగ్రహికి ఉదాహరణగా పలుమార్లు చెప్పిన పేరు ప్రహ్లాదునిది. పోతనగారి భాగవతమున సప్తమస్కంధము చదువుకొను మన ఇండ్లలో ఈ పోలికను వివరింప పనిలేదు. అయినను ఒక్క విషయమును గమనింపవలెను. ఆ కథలో ఆగ్రహము మూడు విధములుగా కానవచ్చును. హిరణ్యకశిపుని ఆగ్రహము కోపము. అతడు హరిని వెదకి వెదకి వేసారెను. నిద్రలోను మెలకువలోను శత్రువునే తలచెను. కోపించువాడు తాను కోపించినదానిని విడువలేడు. పట్టు అతనికిని కలదు, కాని అది ఎదుటివాని మీది పట్టు. ప్రహ్లాదుని పట్టు హరియందు. అందుచేతనే ఏనుగులచే త్రొక్కించినను, కొండలపైనుండి త్రోయించినను, విషము పెట్టించినను, తండ్రిపై ఆ బాలునికి ద్వేషము కలుగలేదు. ద్వేషించుటకు అతని చేతులు ఖాళీగా లేవు.

మూడవది స్తంభమునుండి వెలువడిన నరసింహుని ఆగ్రహము. హిరణ్యకశిపుని సంహరించిన పిమ్మటను అది చల్లారలేదు. బ్రహ్మరుద్రాదులు దూరమున నిలిచి స్తుతించిరి. సాక్షాత్తు లక్ష్మీదేవియే దరిచేర జంకెను. అపుడు బ్రహ్మ ప్రేరణచే ఆ బాలుడు సమీపించి పాదములపై వ్రాలెను. స్వామి అతని శిరస్సుపై చేయి ఉంచెను. వరము కోరుకొమ్మనగా అతడు కోరినదేమి? తన తండ్రి పాపవిముక్తుడు కావలెనని. ఇరువదియొక్క తరములతో గూడ నీ తండ్రి పవిత్రుడాయెనని స్వామి సెలవిచ్చెను. భగవంతుని ఆగ్రహమును చల్లార్చినది భక్తుని ఆగ్రహమే. తెలుగున ఈ వాక్యము విచిత్రముగా వినబడును గాని, సంస్కృతమున అందు వైరుధ్యమేమియు లేదు.

అట్లయిన ధర్మకార్యమున కోపమునకు చోటే లేదా? ఉన్నదనియే చెప్పవలెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి, లంచగొండులను, దురాచారములను ఎండగట్టిరి. ఆ వ్రాతలలో కోపము దండిగా కలదు, ఎత్తిపొడుపును కలదు. కాని 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహమును తమ ఇంట జరిపించిన పిదప ఆయనను నిలిపినది ఆ కోపము కాదు. వంటవారు రాలేదు, నీళ్లవారు మానిరి, బంధువులు ముఖము చాటుచేసిరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీరు మోసి తెచ్చి, వంట చేసి పెట్టిరి. సంస్కరణమును అంగీకరింపనివారు మన పాఠకులలో నాడును ఉండిరి, నేడును ఉందురు. ఆ బిందె బరువును మాత్రము ఎవరును కాదనలేరు. సత్యాగ్రహమను మాట పుట్టుటకు పాతికేండ్ల పూర్వమే ఆమె దానిని ఆచరించెను.

1952 సంగతి ఇంత సులభము కాదు. ఆంధ్రరాష్ట్రము కొఱకు పొట్టి శ్రీరాములుగారు అక్టోబరు 19న మదరాసులో, మన తూర్పుగోదావరి బిడ్డ బులుసు సాంబమూర్తిగారి ఇంట ఉపవాసమునకు కూర్చుండిరి. అంతకు పూర్వము 1946లో హరిజనులకు నెల్లూరు వేణుగోపాలస్వామి ఆలయప్రవేశము కొఱకు ఉపవసించిన సాత్త్వికుడాయన. డిసెంబరు 15 రాత్రి ప్రాణములు విడిచిరి. వెంటనే కోస్తా జిల్లాలు భగ్గుమన్నవి. రైళ్లు ఆపిరి, స్టేషనులు కొల్లగొట్టిరి, పోలీసు కాల్పులలో పలువురు మరణించిరి. డిసెంబరు 19న నెహ్రూగారు రాష్ట్ర నిర్మాణమును ప్రకటించిరి. ఉపవాసముండగా కదలని ఢిల్లీ అల్లరికి కదలినదని కొందరందురు. ఆ నాలుగు దినముల లెక్క చూచినచో వారి మాటను త్రోసిపుచ్చుట కష్టము. కోపము పనులను త్వరపెట్టును, అది సత్యమే. కాని ఆ కాల్పులలో పోయిన ప్రాణములు శ్రీరాములుగారు కోరినవి కావు. ఆయన పణముగా పెట్టినది తన ప్రాణము ఒక్కటే. ఆ యేబదియెనిమిది దినములను, ఆ నాలుగు దినములను ఒకే పేరుతో పిలుచుట న్యాయము కాదు. నేడు దారి నడ్డగించి అద్దములు పగులగొట్టినను పత్రికలవారు ప్రజాగ్రహమని వ్రాయుదురు. ఆ మాట తెలుగున సరియే. దానికి ముందు సత్యమును చేర్చునప్పుడే జాగ్రత్త వహింపవలెను.

నరసింహక్షేత్రమైన అంతర్వేదిలోనే ఈ పరీక్ష మనకు ఎదురైనది. 2020 సెప్టెంబరు 5వ తేదీ రాత్రి స్వామివారి రథము దగ్ధమయ్యెను. ఆ వార్త విని దుఃఖింపని వైష్ణవగృహము గోదావరి జిల్లాలలో లేదు. దుఃఖము కోపమగుటకు ఎంతయో సేపు పట్టలేదు. ఎవరు చేసిరో తేలకముందే వ్రేలెత్తి చూపినవారును కలరు. విచారణ జరుపవలెనని, నిజము తేల్చవలెనని, రథము మరల నిర్మింపవలెనని పట్టుపట్టినవారును కలరు. ఇరువురును తమది ధర్మాగ్రహమనిరి. మొదటివారికి ఒక మనిషి కావలసియుండెను, రెండవవారికి నిజము కావలసియుండెను. 2021 ఫిబ్రవరిలో, మాఘమాస కల్యాణోత్సవముల వేళకు కొత్త రథము సిద్ధమయ్యెను. అది నేడు అంతర్వేదిలో కలదు.