కంటికి నచ్చినదంతయు మంచిదేనా?

కొండమీది ప్రసంగములో మన ప్రభువు కంటిని దీపముతో పోల్చిన సంగతి మీరెరిగినదే. అయితే ఆ కంటికి ఏది అందము, ఏది మోటు అని నేర్పువారెవరు? మన కాలములో చాలవరకు నేర్పినది టెలివిజనే. మనము దానిలో కథలను చూచితిమనుకొందుము గాని, కథతోబాటు అక్షరముల తీరును, రంగులను, మెరుపులను కూడ మన యింటికి తెచ్చుకొంటిమి.

అమెరికాలో సీ.బీ.ఎస్. అను ప్రసార సంస్థకు 1951లో విలియం గోల్డెన్ అను చిత్రకారుడు ఒక గుర్తు కల్పించెను. అది ఒక పెద్ద కన్ను. మొదట దానిని మేఘములుగల ఆకాశముమీద నిలిపి చూపించిరి. పెన్సిల్వేనియాలోని జర్మను సంతతి రైతులు తమ కొట్టములకు వేసికొను గుండ్రని రంగు గుర్తులును, షేకర్లు అను క్రైస్తవ శాఖవారి పాత చిత్రములును గోల్డెనుకు ఆ తలంపు నిచ్చెనని చెప్పుదురు. ఈ షేకర్లు 1774లో ఇంగ్లండునుండి అమెరికా చేరినవారు. వివాహము మాని, ఆస్తి ఉమ్మడిగా నుంచుకొని, నిరాడంబరముగా బ్రదికిరి. వారి చిత్రములు గోడ కలంకారము కొరకు గీసినవి కావు. ఆత్మవలన పొందిన వరములని వారు నమ్మిరి. నేడు ఆ శాఖవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే మిగిలియున్నారు. వారి చిత్రములనుండి వచ్చెనన్న కన్ను మాత్రము సబ్బుల ప్రకటనల నడుమ ఇన్ని యేండ్లుగా తెరచుకొనియే యున్నది.

ఇది తప్పా? మేము మొదట తప్పనియే తలంచితిమి. పిమ్మట సొలొమోను దేవాలయపు ఇత్తడిపనికి తూరునుండి పనివానిని రప్పించిన సంగతి జ్ఞాపకమునకు వచ్చెను. లోకపు చేతిపనిని గుడి అరువు తెచ్చుకొనగా, గుడి చిత్రమును లోకము అరువు తెచ్చుకొనుటను మాత్రమే పాపమని యెట్లందుము? అరువును గూర్చి తగవులేదు. అరువు తెచ్చుకొన్న తరువాత ఎవరిని మరచితిమనునదే ప్రశ్న.

ఇంకొక సంగతి. ఏడాది గడచునప్పటికి గోల్డెను ఆ కంటిని మార్చి క్రొత్తది పెట్టబూనగా, సంస్థ అధ్యక్షుడైన ఫ్రాంక్ స్టాంటన్ వలదనెను. చేసినవానికి విసుగుపుట్టు వేళకే చూచువారు గమనించుట మొదలుపెట్టుదురని ఆయన వాదము. (ప్రతి ఆదివారము ప్రసంగించు మావంటివారు దీనిని కొంత ఆలోచింపవలెను.) ముప్పదియేండ్ల తరువాత, 1981లో, ఎం.టీ.వీ. వచ్చెను. దాని గుర్తులో పెద్ద ఎమ్ అక్షరపు ఆకారము మాత్రము నిలకడ. దాని రంగు, చర్మము క్షణక్షణము మారును. చంద్రునిమీద నాటిన జెండామీద కూడ ఆ అక్షరమునే ఎగురవేసి చూపించిరి. నిలకడగా నుండుటయే గౌరవమని యెంచబడిన గుర్తుల లోకములో, మారుటయే కొందరికి అందమాయెను. అక్షరము ఎగురవలెను, తిరుగవలెను, తళుక్కుమనవలెను. ఆ రుచి మెల్లమెల్లగా మన వీధులలోని ఫ్లెక్సులవరకు వచ్చినది.

గత క్రిస్మసుకు మా సంఘములో జరిగినది దాచక చెప్పుదుము. మా గ్రామములో బోర్డులు వ్రాయు పెద్దాయన ఒకరున్నారు. ముప్పది యేండ్లుగా గుడి పేరు, బలిపీఠముపైని వాక్యము, కీర్తనల సంఖ్యల పలక, అన్నియు ఆయన కుంచెతో వ్రాసినవే. పోయిన సంవత్సరము యౌవనస్థులు ఫ్లెక్సు వేయింతమనిరి. చవక, ఒక్క పూటలో వచ్చును. పెద్దలు మమ్ము నడిగిరి, మేము సరేయంటిమి. అక్షరములు టీవీలో కార్యక్రమము పేరు పడునట్లే వచ్చెను: బంగారు అంచులు, వెనుక కిరణములు, మూలను ఒక మెరుపు. నిజమునకు అవి కదలలేదు. కదలుచున్నట్లు నటించినవి, అంతే.

ఆరాధనయైన పిమ్మట ఆయన దాని క్రింద చాలసేపు నిలువబడెను. "బాగా మెరుస్తన్నయ్యి అయ్యగారూ. నా అచ్చరం ఉన్నకాడే ఉంటది గదా," అనెను. ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

యౌవనస్థులది తప్పనజాలము. వారు పుట్టినది మొదలు చూచిన అక్షరమది. అదియే వారికి పండుగ. మాకును నచ్చినది గనుకనే సరేయంటిమి. నచ్చుట మన చేతిలో లేకపోవచ్చును, దానిని ఇతరులు నేర్పియుండవచ్చును. గాని నచ్చినవెంటనే చేయు పని మన చేతిదే. ఆ దినమున మేము ఖర్చును ఆలోచించితిమి, మెరుపును ఆలోచించితిమి. ఆయన యింట ఆ నెల పొయ్యి ఎట్లు వెలుగునని ఆలోచింపలేదు. దానికి టెలివిజనును నిందించి తప్పించుకొనజాలము.

సంక్రాంతి గాలికి ఫ్లెక్సు చినిగెను. ఎవరో తీసికొనిపోయి గడ్డివామిమీద కప్పుకొనిరి. మేము పెద్దాయన యింటికి పోయి, గుడి బోర్డు తిరిగి వ్రాయుమని అడిగితిమి.

"ఎట్టాంటిది కావాలయ్యగారూ? పాతదా, టీవీలోదా?"

"నీకు వచ్చినది వ్రాయి, పెద్దాయనా," అంటిమి.

"రెండూ వచ్చు," అని నవ్వెను. ఆ సంగతి ముప్పది యేండ్లలో మేమెన్నడును అడిగినవారము కాము. రంగుల డబ్బులు ముందుగా కావలెననగా ఇచ్చివచ్చితిమి. నీలిరంగు మొదటి పూత పడినది. శ్రమదినములు మొదలుకాకముందే అక్షరములు ముగించెదనని చెప్పియున్నాడు. నిచ్చెన పట్టుకొనుటకు ఫ్లెక్సు వేయించిన కుఱ్ఱవాండ్రే ఇద్దరు వచ్చుచున్నారు.