పంపు ఎన్నిసార్లు తిరిగింది?

కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరులో ఒక మావ, ఒక అల్లుడు తమ మరపడవలను పక్కపక్కనే కట్టుకునేవారు. రెండూ చిన్నవే, ఒకే ఈడువి. రెండింటిలోనూ నీళ్లు ఊరేది ఒక్కచోటే. ఇంజను నుంచి ప్రొపెల్లరుకు వెళ్లే షాఫ్టు పడవను దాటి బయటకు పోయే గ్లాండు దగ్గర. అక్కడ షాఫ్టు చుట్టూ గ్రీజు పట్టిన తాడు చుట్టి బిగిస్తారు. షాఫ్టు తిరుగుతున్నంతసేపూ ఆ తాడు గుండా బొట్టు బొట్టుగా నీరు రావాలి. రాకపోతే వేడెక్కి షాఫ్టే అరిగిపోతుంది. అందుకే అలాంటి పడవ అడుగున ఎప్పుడూ కాసిని నీళ్లు చేరుతూనే ఉంటాయి, వాటిని ఎవరో ఒకరు తోడుతూనే ఉండాలి.

మావది చేతిపంపు. పిడి లాగితే లోపలి రబ్బరు పొర లేచి అడుగునీళ్లను పీల్చుకుంటుంది. నొక్కితే వచ్చిన దారి మూసుకుని, పోయే దారి తెరుచుకుని నీళ్లు బయట పడతాయి. రోజూ తెల్లారగట్ల ఆయన పంపు కొట్టేవాడు. ఎన్నిసార్లు కొడితే నీళ్లయిపోయాయో క్యాబిన్ చెక్క మీద సుద్దతో రాసుకునేవాడు.

అల్లుడు వేట నిషేధంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా పడవ ఖాళీగా ఉన్న రోజుల్లో, 12 వోల్టుల కరెంటు పంపు పెట్టించాడు. కింద జల్లెడ, లోపల చిన్న రెక్కల చక్రం. చక్రం గిర్రున తిరిగితే నీళ్లు అంచులకు విసిరేసినట్టయి గొట్టంలోకి ఎక్కుతాయి. పక్కనే తేలే స్విచ్చి ఒకటి. అడుగున నీళ్లు లేస్తే అదీ లేచి పంపును తిప్పుతుంది, నీళ్లు దిగితే అదీ దిగి ఆపేస్తుంది. డబ్బా మీద గంటకు 1,900 లీటర్లని రాసి ఉంది. నీళ్లు మీటరు ఎత్తు ఎక్కాల్సి వచ్చినా, బ్యాటరీ నీరసించినా అందులో బాగా కోత పడుతుంది. ఆ సంగతి డబ్బా మీద అంత పెద్ద అక్షరాల్లో ఉండదు.

“అల్లుడూ, రాత్రి నీ పంపు ఎన్నిసార్లు తిరిగిందిరా?” అని మావ అడిగేవాడు.

“ఎవరు లెక్కెట్టారు మావా! పడవ పొడిగా ఉంది, చాలదా?” అనేవాడు అల్లుడు.

కార్తీకంలో తుఫాను హెచ్చరిక వచ్చింది. వేటకు వెళ్లొద్దన్నారు. పడవలన్నీ ఏట్లో కట్టేశారు. ఇంజను ఆగిపోయింది కాబట్టి బ్యాటరీకి ఛార్జింగూ ఆగిపోయింది. అప్పటికే అల్లుడి గ్లాండులో బొట్టు కాస్తా దారంగా మారింది. షాఫ్టు ఆగినా ఆ దారం తెగలేదు. పైన వాన. పంపు మాత్రం వచ్చిన నీళ్లను వచ్చినట్టే తోసేస్తూ, ఎక్కడా తడి కనపడనివ్వకుండా పనిచేసింది. చివరికి బ్యాటరీ అయిపోయింది. నీళ్లు నిండుతుంటే పడవ వెనక భాగం జానెడు కిందికి దిగింది. పంపు నీళ్లు బయటకు వదిలే రంధ్రం మామూలుగా ఏటి నీటికి కాస్త పైన ఉంటుంది, ఇప్పుడది నీటిలో మునిగింది. ఆగిపోయిన చక్రం నీళ్లకు అడ్డుపడదు. ఇన్నాళ్లూ ఏ గొట్టం నీళ్లను బయటకు పంపిందో, ఆ గొట్టమే ఏటిని లోపలికి తెచ్చింది. తెల్లారేసరికి క్యాబిన్ పైకప్పు ఒక్కటే తేలి ఉంది.

పడవను పైకి లేపాక మెకానిక్ ఆ పంపును కడిగి వేరే బ్యాటరీకి తగిలించాడు. శుభ్రంగా తిరిగింది. “పంపులో ఏ లోపమూ లేదు” అన్నాడు.

“నాదీ కారిందిరా. దసరాకు 40 సార్లు కొడితే నీళ్లయిపోయేవి. దీపావళికి 60 అయింది. 90కి వచ్చేసరికి భుజం లాగేసింది. పాటు చూసుకుని పడవను మట్టి మీద పెట్టి, గ్లాండు విప్పి కొత్త తాడేశాను. నీదీ అలాగే కారుంటుంది. నీకు భుజం నొప్పెట్టలేదు, అంతే” అన్నాడు మావ.

నీతి: కష్టం కనపడకుండా సర్దేసే చెయ్యి ఎంత సర్దుతోందో రోజూ అడిగి తెలుసుకోవాలి.

యంత్రాన్ని నమ్మినందుకే అల్లుడు చెడ్డాడని ఈ కథకు అర్థం చెబితే నేను ఒప్పుకోను. నడిసంద్రంలో అందరి చేతులూ వల మీద ఉన్నప్పుడు తనంతట తాను తిరిగే పంపే ప్రాణాలు కాపాడుతుంది. చేతిపంపు గొప్పల్లా ఒకటే. అది నీళ్లతోపాటు కబురు కూడా మోసుకొచ్చింది. మావ భుజం నొప్పే ఆ కబురు. నొప్పి తీసేసే ఏర్పాటు చేసుకున్నవాడు ఆ కబురు అందే ఏర్పాటు కూడా చేసుకోవాలి. అల్లుడు తర్వాత చేసిందీ అదే. పంపు తిరిగినప్పుడల్లా వెలిగే చిన్న దీపం, ఎన్నిసార్లు తిరిగిందో చూపే మీటరు చుక్కాని దగ్గర పెట్టించాడు. పంపు చిల్లును పూడ్చదు, పూడ్చుకోవడానికి వ్యవధి ఇస్తుంది. నీటిమట్టానికి అడుగు కింద రూపాయి బిళ్లంత చిల్లు పడితే నిమిషానికి 40 లీటర్ల దాకా లోపలికి వస్తాయి. అల్లుడి పంపులాంటిది దాని ముందు ఎంతోసేపు నిలవలేదు.

మన ఇళ్లలో ఈ పంపు ఎక్కువగా అమ్మే. జీతం 20వ తేదీకే అయిపోతే ఆమె డ్వాక్రా సంఘంలో కొంత తీసుకుంటుంది, పక్కింట్లో కొంత చేబదులు అడుగుతుంది, పాలవాడికి వచ్చే నెల ఇస్తానంటుంది. పిల్లల ఫీజు ఆగదు, పండగకు కొత్తబట్టలు ఆగవు. “మా ఇంట్లో ఎప్పుడూ ఇబ్బంది లేదు” అని భర్త నలుగురిలో నిజాయితీగానే చెబుతాడు. ఆయనకు తెలిసేది గాజులు కుదువకు వెళ్లిన రోజున. అప్పుడు “ముందే ఎందుకు చెప్పలేదు?” అని ఆమెనే నిలదీస్తాడు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. తడి కనపడనివ్వకుండా కాచినందుకు ఆమె దోషి అయింది, ఏళ్ల తరబడి ఒక్క మాట అడగని మనం కాలేదు.

అడగడమూ ఒక పనిగా నేర్చుకోవాలి. “అంతా బాగుందా?” అంటే “బాగుంది” అనే జవాబే వస్తుంది. ఈ నెల ఎన్నిసార్లు సర్దావు, ఎవరి దగ్గర, కిందటి నెల కంటే ఎక్కువా తక్కువా అని అడగాలి. “ఏం లేదులే, సర్దేశాను” అన్నా అక్కడితో లేవకూడదు. లెక్క పెరిగిందని తేలితే ఆమెను ఇంకాస్త పొదుపు చేయమనడం పంపును ఇంకాస్త వేగంగా తిరగమనడమే. కూర్చోవాల్సింది ఇంటిల్లిపాదీ, లెక్కకు తీయాల్సింది బండి వాయిదా, ఫోన్ల బిల్లు, తమ్ముడికి పెట్టిన హామీ సంతకం. వాటిలో ఏ ఒక్కటి ఆపగలిగినా ఆ నెల ఆమె ఒక గడప తక్కువ ఎక్కుతుంది.